మూడో గుంట

నీలంరంగు సంచిని బల్ల మీద నిలబెట్టి, అడుగున తడిగుడ్డ పిండి పరిచి, దాని మీద బెజ్జాలు పెట్టిన థర్మోకోల్ పలక సర్ది, అప్పుడు మొదటి ట్యూబు చేతిలోకి తీసుకుంది బాలాత్రిపురసుందరి. దూది బిరడా గట్టిగా ఉందో లేదో బొటనవేలితో నొక్కి చూసింది. మూతి చుట్టూ సాగే మైనపు పట్టీని రెండు చుట్లు చుట్టింది. పాత దినపత్రిక ముక్కలో పొట్లంలా చుట్టి, నిలువుగా ఒక బెజ్జంలోకి దించింది. ట్యూబులో వేలెడు ఎత్తున పచ్చని నీళ్ళు. ఆ నీళ్ళ నిండా కంటికి విడిగా కనిపించని నాచు. గురువారం రసజ్ఞతో పాటు అవి ప్రాగ్ వెళుతున్నాయి. అక్కడి నాచుల నిపుణుల దగ్గర ఆ అమ్మాయి మూడు నెలలు పనిచేస్తుంది.

ఏ ట్యూబులు పెట్టాలో రసజ్ఞ చీటీ రాసి ఇచ్చింది. గుండ్రని అక్షరాలు, కింద గీతలు. సుందరి రెండుసార్లు చదివింది. కళ్ళద్దాలు చీరచెంగుతో తుడుచుకుని మూడోసారి చదివింది. పలకలో బెజ్జాలు ఎనిమిది ఉన్నాయి. చీటీలో పేర్లు ఏడే ఉన్నాయి. కోకా-3 పేరు లేదు.

రసజ్ఞ కిటికీ పక్కన మైక్రోస్కోపు మీదకి వంగి ఉంది. సుందరి చీటీ పట్టుకుని వెళ్ళి పక్కన నిలబడింది.

"కోకా-3 రాయడం మర్చిపోయినట్టున్నావమ్మా."

"మర్చిపోలేదు ఆంటీ. ఈసారికి వద్దు."

"ఎందుకని?"

"ఇంకా కొన్ని పరీక్షలు మిగిలాయి. వచ్చాక చూద్దాం."

కన్ను మైక్రోస్కోపు నుంచి ఎత్తలేదు. సుందరి ఇంకొక్క నిమిషం నిలబడి బల్ల దగ్గరకు వచ్చేసింది. చీటీలో నాలుగో పేరు పీ-1. అది తొమ్మిదేళ్ళ కిందట, నాచు రకాలు పెంచి ఇచ్చే బయటి దేశపు కల్చర్ బ్యాంకు నుంచి తెప్పించినది. దాన్ని చుట్టేటప్పుడు సుందరి చేతులు కొంచెం మొరటుగా కదిలాయి. అరువు తెచ్చుకున్నది విమానమెక్కి పుట్టింటికి వెళుతోంది. తను కొండెక్కి తెచ్చింది మాత్రం గదిలోనే కూర్చోవాలి.

కొత్తగూడ ఫ్లైఓవరు వెనకసందులో, ఒక మేడ మూడో అంతస్తులో ఉంది వాళ్ళ ఆఫీసు. పైన డాబా మీద గాజుగొట్టాల తొట్లలో నాచు పెరుగుతుంది. మొదట పచ్చగా పెరిగి, తిండి ఆపితే ఎర్రబడుతుంది. ఆ ఎర్రదాన్ని ఎండబెట్టి, పొడి చేసి రొయ్యల మేతలో కలపడానికి అమ్ముతారు. తొట్లన్నిటికీ విత్తనం సుందరి గదిలోని ట్యూబులే. మూడు వారాలకొకసారి ప్రతి ట్యూబులోంచి ఒక్క చుక్క తీసి కొత్త ట్యూబులో వేయాలి. లేకపోతే పాతదాంట్లో తిండి అయిపోయి నాచు చచ్చిపోతుంది. పదకొండేళ్ళలో సుందరి ఒక్క వారం కూడా తప్పలేదు. ఊరెళ్ళినా ఆ రోజుకు తిరిగివచ్చేది.

ఆ నాచు ప్రజాతి పేరు హీమటోకాకస్. అంటే రక్తపు గింజ అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఎవరో చెత్తబుట్ట పక్కన పెట్టేసిన, అట్ట ఊడిన పుస్తకాన్ని ఇంటికి తీసుకెళ్ళి, పక్కన నిఘంటువు పెట్టుకుని, పేజీకి నాలుగు రోజుల చొప్పున తనే చదువుకుంది. మొత్తం ప్రాణి ఒకే ఒక్క కణం. తిండి దొరికినన్నాళ్ళు పచ్చగా, కోలగా ఉండి, ముందున్న రెండు కొరడాలు ఆడిస్తూ ఈదుతుంది. లోపలి ముద్దకూ బయటి గోడకూ మధ్య ఖాళీ జాగా ఉంటుంది. ఆ జాగాలో ముద్ద నుంచి గోడ దాకా సైకిలు చక్రం పుల్లల్లా సన్నటి పోగులుంటాయి. మిగిలిన పచ్చకణాల మధ్య దీన్ని గుర్తుపట్టేది ఆ పోగులతోనే. నీళ్ళు ఇంకిపోతే కొరడాలు రాల్చేసి, గుండ్రంగా ముడుచుకుని, మందపాటి గోడ కట్టుకుని ఎర్రబడుతుంది. ఎండిన బండకు తుప్పుమరకలా అంటుకుని మళ్ళీ వాన పడేదాకా అలాగే ఉంటుంది.

హీమటోకాకస్ అన్నది ఇంటిపేరు లాంటిదైతే, ఆ ఇంట్లో ఎందరున్నారన్నది తేలని లెక్క. మైక్రోస్కోపులో అన్నీ ఒకలాగే ఉంటాయి. పుస్తకంలో చాలాకాలం ఒకే జాతి ముఖ్యం. దాని లాటిన్ పేరుకు వానది అని అర్థం. తరవాత ఎవరో దాని కంటే పాత పేరు ఒకటి తవ్వితీశారు. చెరువుది అన్న పేరు ముందు పెట్టారు కాబట్టి అదే చెల్లుతుందన్నారు. ఈ మధ్య డీఎన్ఏ చదివి ఆ ఒక్క జాతిలోనే రెండు మూడు వేరే జాతులున్నాయని తేల్చారు. కొన్నిటిని అసలు ఆ ఇంటి నుంచే పంపేశారు. ఇవన్నీ చదివాక సుందరికి ఒక కోరిక పట్టుకుంది. కోకాపేటలో బండ మీద తను చూసి తెచ్చిన కోకా-3 కూడా వేరే జాతేనేమో. ముందు చూసినవాళ్ళదే చెల్లేట్టయితే, ఆ చూసింది తనే. కోకాపేట అన్న ఊరి పేరు, పక్కన సేకరించింది బాలాత్రిపురసుందరి అన్న ఒక్క ముక్క, ఎక్కడో ఒక పుస్తకంలో అచ్చు కావాలి. ఆమె కోరుకున్నది అంతే. ఆ పని ప్రాగ్‌లో జరుగుతుంది. అక్కడికి తీసుకెళ్ళే చీటీలో కోకా-3 లేదు.

సాయంత్రం సంచి జిప్పు వేయకుండానే ఫ్రిజ్ పక్కన పెట్టి ఇంటికి వెళ్ళింది. ఎనిమిదో బెజ్జం ఖాళీగా ఉంది.

రసజ్ఞ ఈ ఆఫీసుకు వచ్చి పద్నాలుగు నెలలైంది. అంతకుముందు యజమాని పార్థసారథి పొద్దున్నే వచ్చి, చెప్పులు బయట విడిచి, నేరుగా కల్చర్ గదికే వచ్చేవాడు. "మీ పిల్లలు ఎలా ఉన్నారండీ సుందరిగారూ?" అని ట్యూబుల వైపు చెయ్యి చూపించేవాడు. ఆమె ఒక్కో అర ముందూ నిలబడి ఇది బాగుంది, ఇది నీరసించింది అని చెప్పేది. ఇప్పుడు ఆయన చెప్పులు రసజ్ఞ గది ముందు కనిపిస్తున్నాయి. రెండు కాఫీలు కూడా అటే వెళుతున్నాయి. గాజు తలుపు లోంచి నవ్వులు వినబడవు గానీ భుజాలు కదలడం కనిపిస్తుంది. సుందరి ఎన్నోసార్లు పిపెట్లు కడుగుతూ ఆ భుజాలు ఎన్నిసార్లు కదిలాయో చూసింది.

ఆ అమ్మాయి చేతులన్నా ఆమెకు పడదు. సుందరి ట్యూబు మూతిని స్పిరిటు దీపం మంటలో మూడుసార్లు తిప్పుతుంది. రసజ్ఞ ఒక్కసారి తిప్పి ఊరుకుంటుంది. పైగా పని చేస్తూ మాట్లాడుతుంది. అయినా ఆమె కల్చర్లలో బూజు పడదు. పడితే బాగుండునని సుందరి ఒక్కోసారి వాటిని వెలుతురుకు పట్టి చూసేది. పడలేదని తెలిసి అర మీద పెట్టేటప్పుడు తన మీద తనకే చిరాకు వేసేది.

ఇంకొకటి ఉంది. ఆదివారాలు కూడా రసజ్ఞ వస్తోందని వాచ్‌మన్ చెప్పాడు. రెండు నెలలుగా సోమవారం పొద్దున సుందరి రాగానే ఏదో ఒకటి జరిగి ఉంటోంది. స్టూలు ఇటుండాల్సింది అటుంటుంది. కిందటి నెలలో అర వెనక చిన్న గాజుపళ్ళెం దొరికింది. అందులో నీళ్ళు, నీళ్ళలో అగ్గిపుల్లంత కాగితం పట్టీ ఉన్నాయి. దాని మీద పేరు లేదు. ఆ గదిలో పేరు రాయకుండా ఏదీ ఉండకూడదు. ఆ నియమం సుందరి పెట్టింది. ఆమె దాన్ని కదపలేదు, ఎవరినీ అడగలేదు. తన గదిలో తనకు తెలియకుండా ఏదో జరుగుతోందని మాత్రం లోపల అట్టేపెట్టుకుంది.

మంగళవారం పదకొండు గంటలకు ఆమె పార్థసారథి గది తలుపు తట్టింది. ఏ మాట ముందు, ఏ మాట వెనక అని ఆటోలోనే సరిచూసుకుని వచ్చింది. లోపలికి వెళ్ళాక వరస మరిచిపోయింది.

కోకా-3 చీటీలో లేదని చెప్పింది. ఆయన ఆశ్చర్యపోయాడు. కంపెనీ గురించి అచ్చేయించిన పుస్తకం మొదటి పేజీలోనే కోకా-3 కథ వేయించాడాయన. 2016 ఎండల్లో అది తెల్లగా పాలిపోయి చచ్చిపోయిందనుకున్నారు. సుందరి ఎనిమిది రోజులు దాన్ని వదలకుండా కూర్చుని మళ్ళీ పచ్చగా లేపింది. చూడవచ్చిన ప్రతి ఒక్కరికీ ఆయన ఆ కథే చెబుతాడు. మరి దాన్నే వదిలేసి వెళ్ళడమేమిటి అన్నాడు.

సుందరి ఆ మాట దగ్గర ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు.

"నేను చదువుకున్నదాన్ని కాదండి. కానీ నాకు అర్థం కాదనుకోవద్దు. అది కొత్త జాతి అని తేలితే తెచ్చింది నేనని రాయాలి కదండి. ఆ అమ్మాయికి అది ఇష్టం లేదు. ఆదివారాలు వచ్చి పేరు లేకుండా ఏదో పెంచుకుంటోంది. నా దాన్నే తన పేరుతో పెట్టుకుంటుందేమో ఎవరు చూడొచ్చారు?"

ఆయన రసజ్ఞను పిలిపించాడు. ఆ అమ్మాయి చేతులు తుడుచుకుంటూ వచ్చి, సుందరిని చూసి, మళ్ళీ ఆయన్ని చూసింది. ఆదివారాల సంగతి అడిగితే వచ్చింది నిజమే అంది. పళ్ళెంలో ఏముందంటే చెప్పలేదు. కోకా-3 ఎందుకు తీసుకెళ్ళడం లేదంటే, "తీసుకెళ్ళి లాభం లేదు సర్" అంది.

"లాభం లేదంటే?"

రసజ్ఞ నేల వైపు చూసింది. "నన్ను అడక్కండి సర్, ప్లీజ్. వచ్చాక చెప్తాను."

పార్థసారథికి దాపరికం గిట్టదు. అది ఆఫీసులో అందరికీ తెలుసు. ఆయన గొంతు పెంచలేదు. కోకా-3 సంచిలో ఉంటేనే ప్రయాణం ఉంటుందని, లేకపోతే టికెట్టు రద్దు చేయిస్తానని, ఎవరి పని ఎవరిదో తిరిగి వచ్చే లోపు రాసుకుందామని అన్నాడు. రసజ్ఞ తల ఊపింది. చెవుల దాకా ఎర్రబడింది. బయటికి వెళ్ళేటప్పుడు తలుపును చప్పుడు కాకుండా వేసింది.

మధ్యాహ్నం ఆ అమ్మాయే వచ్చి కోకా-3 ట్యూబు తీసుకుని, సుందరి చుట్టినట్టే పొట్లం చుట్టి, ఎనిమిదో బెజ్జంలో దించింది. సుందరి పిపెట్లు కడుగుతూ అద్దంలో అంతా చూసింది. అనుకున్నది జరిగింది. అయినా ఆ రోజు తెచ్చుకున్న పెరుగన్నం మూత కూడా తీయకుండా ఇంటికి తీసుకెళ్ళింది.

బుధవారం సెలవు పెట్టి శేరిలింగంపల్లి వెళ్ళింది. రైల్వే స్టేషను వెనక లింగమూర్తి ఇల్లుంది. ఆయన ఆ ఆఫీసులోనే అటెండరుగా చేసి మూడేళ్ళ కిందట మానేశాడు. 2013లో ఆమెతో కోకాపేట రాతిగుండ్లు ఎక్కింది ఆయనే. వాచ్‌మన్ చెప్పినదాంట్లో ఆయన పేరు కూడా ఉంది. జూన్‌లో ఆయన రెండుసార్లు వచ్చి రసజ్ఞను కలిసి వెళ్ళాడట. తనను పలకరించకుండా వెళ్ళాడు. ఈయన కూడా అటే తిరిగాడన్నమాట అనుకుంది. ఆ మాట అడగడానికే వెళ్ళింది.

లింగమూర్తి అరుగు మీద పాత ఇనుపకుర్చీకి ప్లాస్టిక్ వైరు అల్లుతున్నాడు. ఆమెను చూసి కాలి బొటనవేలితో వైరు కొస తొక్కిపట్టి, చేత్తో ముక్కాలిపీట జరిపాడు.

"రండ్రి సుందరమ్మా. జర నీడకు కూసోండ్రి. ఏంది, గింత దూరం?"

సుందరి కూర్చుంది గానీ చెంగు కూడా సర్దుకోలేదు. ఆఫీసుకొచ్చి తనను చూడకుండా ఎందుకు వెళ్ళిపోయారని అడిగింది. ఆ పిల్లకు ఏమిచ్చారని అడిగింది. ఆయన వైరు ఒకసారి మడిచి, కిందనుంచి తీసి, బిగించాడు. ఏమీ చెప్పకపోతే వదిలిపెట్టేలా లేదని తెలిసి లోపలికి వెళ్ళి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చాడు.

డబ్బా నిండా పాత పెళ్ళిపత్రికల కవర్లు. నాచు కోసం ఎక్కడ నీళ్ళు పట్టడానికి వెళ్ళినా, అక్కడి బండ మీది ఎర్రమరకకు తడి వడపోత కాగితం ఒక పట్టీ అద్ది, ఆరబెట్టి, ఇంట్లో ఉన్న పెళ్ళిపత్రిక కవర్లో వేసి, పైన తారీఖు రాసి దాచుకోవడం ఆయనకు అలవాటు. ఎవరూ చెప్పిన పని కాదు. ఎందుకని అడిగితే ఏం చెప్పాలో కూడా ఆయనకు తెలియదు. నలభై దాకా ఉన్నాయి. ఒక కవరు మీద 'కోకాపేట, మూడో గుంట, జులై 2013' అని ఉంది. ఆ రోజు బండ మీద వాననీళ్ళు నిలిచిన గుంటలు అయిదు చూశారు. మూడోదాని అంచున మరక మిగతావాటికంటే ముదురుగా ఉందని చూపించింది సుందరే. ఇప్పుడు ఆ గుండు లేదు. అక్కడ నలభై అంతస్తుల అపార్ట్‌మెంటు ఉంది.

జూన్‌లో రసజ్ఞ ఇంటికి వచ్చి ఆ కవరు సంగతి అడిగితే, తనే రెండుసార్లు ఆఫీసుకెళ్ళి పట్టీలో ముక్కలు ఇచ్చి వచ్చానన్నాడు లింగమూర్తి. అందులో సగం పట్టీ పరీక్షకు పంపింది. మిగిలినదాంట్లో కొంచెం కొంచెం కత్తిరించి నీళ్ళలో వేసి లేపడానికి చూస్తోంది.

"గా పిల్ల ఆయితారం ఆయితారం గందుకే వస్తది. పదకొండేండ్ల కిందిది, ఏడ లేస్తదమ్మా అన్న. లేస్తే సుందరాంటీకి చెప్పే పని ఉండదు తాతా అన్నది. నాకేం సమజ్ కాలే. ఇగ గీ కాయితం నా తాన పెట్టిపోయింది. నా బల్ల మీద ఉంటే ఆంటీ చూస్తరు, ఆమె ఏదైనా చదువుతరు అన్నది."

డబ్బా అడుగు నుంచి నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చాడు. ఇవ్వొచ్చో లేదో అని ఒక క్షణం ఆగి, అప్పుడు వదిలాడు.

సుందరి కాగితం మోకాలి మీద పరిచింది. మూడు వరసల అక్షరాలు ఒకదాని కింద ఒకటి. డీఎన్ఏ రాసే నాలుగు అక్షరాలే తిరిగి తిరిగి వస్తాయి. వరస ముందు పేర్లున్నాయి. మొదటిది కాగితం పట్టీ, రెండోది కోకా-3, మూడోది పీ-1. మొదటి వరసలో చాలాచోట్ల ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టి ఉన్నాయి. కిందివాటితో కలవని అక్షరాలవి. ఆమె వేలు రెండో వరస మీదా మూడో వరస మీదా పెట్టి, అక్షరం పక్కన అక్షరం, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు చివరిదాకా వెళ్ళింది. ఒక్కటి కూడా తేడా లేదు. మళ్ళీ మొదటినుంచి వెళ్ళింది. లింగమూర్తి భార్య టీ తెచ్చి పక్కన పెట్టింది. అది మీగడ కట్టింది.

కాగితం అంచున రసజ్ఞ గుండ్రని అక్షరాల్లో రెండు మాటలు రాసుకుంది. పట్టీ మీదిది ఇంతవరకూ ఎక్కడా నమోదు కాలేదు. కోకా-3 అని ట్యూబులో ఉన్నది పీ-1.

"మంచిదేనా అమ్మా?" అని అడిగాడు లింగమూర్తి.

"మనం పట్టింది కొత్తదే" అంది సుందరి. "నేను పెంచింది అది కాదు."

ఆయనకు అర్థమైందో లేదో. వైరు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "ఫికర్ చేయకుండ్రి" అన్నాడు. దేనికో చెప్పలేదు.

గురువారం ఆమె ఏడున్నరకే ఆఫీసులో ఉంది. ట్యూబు మార్చినప్పుడల్లా రాసే మార్పిడి పుస్తకాలు బీరువా కింది అరలో, ఏడాదికొకటి చొప్పున వరసగా ఉంటాయి. 2016ది తీసింది. దాని అట్టకు తనే గోధుమరంగు కాగితం వేసింది. ఏప్రిల్ దాటింది. మే 19 దగ్గర ఆగింది. తన రాతే, నీలం సిరా. 'కోకా-3 పూర్తిగా తెల్లబడింది. ఉన్నదంతా కడిగి కొత్త ట్యూబులోకి మార్చాను.' ఆ కింద ఇంకొక వాక్యం ఉంది. 'కుక్కరు గాస్కెట్ పోయింది. కొత్త మీడియం లేదు. ఉదయం పీ-1కి తెరిచిన సీసాలోదే వాడాను.'

నాచుకు వేసే తిండినీళ్ళే మీడియం. దాన్ని సీసాల్లో పోసి కుక్కరులో ఉడికించి మూత పెడతారు. ఒకసారి తెరిచిన సీసా ఒక్క కల్చరుకే వాడాలి. రెండోదానికి వాడకూడదు. పిపెట్ కొస సీసా అంచుకు తగిలితే చాలు, ముందుదాని కణం ఒకటి అందులో ఉండిపోతుంది. ఈ నియమం కూడా సుందరి పెట్టిందే. ఆ రోజు గాస్కెట్ కొనుక్కురావడానికి పంపితే షాపు మూసి ఉంది. చేతిలో ఉన్నది చచ్చిపోతోంది. ఆగలేకపోయింది. తప్పు చేస్తున్నానని కూడా అనుకోలేదు. అందుకే అంత నిజాయితీగా రాసిపెట్టింది.

ఎనిమిదో రోజున ట్యూబు అడుగున పచ్చదనం కనిపించింది. అందరినీ పిలిచి చూపించింది. పార్థసారథి మిఠాయిలు తెప్పించాడు. ఆ పచ్చదనం పీ-1ది.

తెలియదని కూడా అనడానికి లేదు. అంతకుముందు కోకా-3కి తిండి ఆపితే మూడు రోజుల్లో ఎర్రబడేది. ఆ ఎండాకాలం తరవాత తొమ్మిది రోజులు పట్టసాగింది. ఆమె అది చూసింది, పుస్తకంలో రాసింది కూడా. ఎందుకని ఎవరైనా అడిగితే ఏం చెప్పేది? వయసొచ్చింది, నాలాగే నెమ్మదించింది అని చెప్పేది. వినేవాళ్ళు నవ్వేవాళ్ళు. పక్కపక్క అరల్లో ఒకే నాచు రెండు పేర్లతో ఎనిమిదేళ్ళు పెరిగింది. ఒకదాన్ని ఆమె ముద్దు చేసింది. రెండోదాన్ని అరువుదని కసురుకుంది.

తలుపు దగ్గర అలికిడైంది. రసజ్ఞ నిలబడి ఉంది. భుజాన ప్రయాణపు బ్యాగు, చేతిలో తడి గొడుగు. పుస్తకం ఏ పేజీ దగ్గర తెరిచి ఉందో అక్కడి నుంచే కనబడింది.

"నువ్వు ఇది ఎప్పుడు చూశావు?"

"జూన్‌లో ఆంటీ."

"చెప్పలేదే."

"పట్టీ మీది లేస్తుందేమో అనుకున్నా. లేస్తే దాన్ని మీ ట్యూబులో పెట్టేసి..." ఆ అమ్మాయి ఆగింది. "అది కూడా తప్పేలెండి."

సుందరి ఏడుపు వస్తుందేమో అనుకుంది గానీ రాలేదు. వచ్చింది మళ్ళీ ఆ పాత మంటే. చదువు ఆ పిల్లదే, విమానం ఆ పిల్లదే, ఆఖరికి తన మీద జాలిపడి నోరు మూసుకుని మాటపడే పెద్దరికం కూడా ఆ పిల్లకే దక్కింది. మంగళవారం గదిలో తనన్న మాటలు ఆ అమ్మాయి తిప్పికొట్టి ఉంటే ఎంత తేలికగా ఉండేది. ఒక్క కాగితం చూపిస్తే అయిపోయేది. చూపించలేదు. అది సుందరికి అస్సలు సహించలేదు.

అయినా లేచింది. సంచి జిప్పు తీసి ఎనిమిదో బెజ్జం లోంచి పొట్లం పైకి తీసింది. కాగితం విప్పింది. ట్యూబు, పుస్తకం పట్టుకుని పార్థసారథి గదికి వెళ్ళింది. ఆయన ఇంకా చెప్పులు విడుస్తున్నాడు. రసజ్ఞ "ఆంటీ, వద్దు" అంటూ వెనకే వచ్చింది. ఆమె వినిపించుకోలేదు.

పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టింది. ఆయన చదివి, మళ్ళీ చదివి తల ఎత్తాడు.

"ఇది కోకా-3 కాదండి," అంది సుందరి. "పీ-1. నా చేత్తోనే కలిపాను. అమ్మాయికి ముందే తెలుసు. నా పరువు పోతుందని చెప్పలేదు. మంగళవారం నేనన్నవన్నీ అబద్ధాలు. ఒక్క ఆదివారాల మాటే నిజం. అది కూడా నా కోసమేనట."

పార్థసారథి కుర్చీలో కూర్చున్నాడు. బల్ల మీద ఉన్న కంపెనీ పుస్తకాన్ని అరచేత్తో పక్కకు జరిపాడు. తరవాత, ఇప్పుడు ఈ ట్యూబుని ఏమనాలని మాత్రం అడిగాడు.

"ఇది అక్కర్లేదండి. పీ-1 ఇంకొకటి ఉంది కదా."

కల్చర్ గదిలోకి తిరిగి వచ్చి ట్యూబు మీది చీటీని గోటితో గీకి తీసింది. ఎనిమిదేళ్ళు ప్రతి మార్పిడికీ కొత్త చీటీ రాసి అంటించింది. జిగురు గట్టిది, ఒక పట్టాన రాలేదు. మరిగే నీళ్ళలో పడేయాల్సిన ట్యూబుల డబ్బాలో దాన్ని నిలబెట్టింది. రసజ్ఞ కిటికీ దగ్గరే ఉండి చూసింది. దగ్గరకు రాలేదు.

కాసేపటికి ఆ అమ్మాయి బ్యాగు లోంచి పెళ్ళిపత్రిక కవరు తీసి బల్ల మీద పెట్టింది. పట్టీలో గోరంత ముక్క ఇంకా మిగిలి ఉందని, ప్రాగ్‌లో మంచి పరికరాలున్నాయని, తీసుకెళ్ళనా అని అడిగింది. నిన్న రాత్రి కవరు తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు లింగమూర్తినీ అడిగానని, ఆయన సుందరమ్మను అడగమన్నాడని చెప్పింది.

సుందరి కవరు విప్పి చూసింది. ముక్క మీద మరక ఇటుకపొడి రంగులో ఉంది. మూసేసి, కవరును రెండు అట్టముక్కల మధ్య పెట్టి, రబ్బరుబ్యాండు వేసి, సంచి పైఅరలో దోపింది. ఎనిమిదో బెజ్జంలో ఉండచుట్టిన దూది కుక్కింది, ట్యూబులు కదలకుండా. జిప్పు చివరిదాకా లాగింది.

"నిలువుగానే పట్టుకో," అంది. "టాక్సీలో వెనక పెట్టనీకు. ఒళ్ళో పెట్టుకో."

"సరే ఆంటీ."

"అక్కడ మంటలో ఒక్కసారి తిప్పి ఊరుకోకు. మూడుసార్లు తిప్పు."

రసజ్ఞ సరేనని, సంచి భుజానికి తగిలించుకుని మెట్లు దిగింది. వాన తెరిపి ఇచ్చింది. కిందికి చూస్తే టాక్సీ సందులోంచి తిరగడం కనిపిస్తుంది. సుందరి చూడలేదు. ఆ వారం మార్పిడి చేయాల్సిన ట్యూబులు ఇరవై రెండు ఉన్నాయి. దీపం వెలిగించింది. ఇరవై రెండుకీ ఇరవై రెండు కొత్త సీసాలు వరసగా పెట్టుకుంది.

నవంబరులో రసజ్ఞ తిరిగి వచ్చి మళ్ళీ తన గదిలో కూర్చుంది. ఆ గోరంత ముక్క మీది కణాలు ప్రాగ్‌లోనూ లేవలేదు. పార్థసారథి కంపెనీ పుస్తకం మొదటి పేజీ మార్పించాడు. ఆ రోజు నుంచి ఆయన చెప్పులు ఏ గది ముందు ఉన్నాయో సుందరి చూడలేదని చెప్పడానికి లేదు. చూసింది.

కోకాపేట గుండు మీద మూడో గుంటలో ఉన్న నాచు 2016 మే 19న కొత్తగూడలో, ఆమె చేతిలో చచ్చిపోయింది. తిరిగి రాలేదు.